అన్నం తగ్గించి బరువు తగ్గితే అరికాళ్ళ మంటలు పోతాయా?

కావలి బట్టల కొట్టు:

నాకు 53 ఏళ్ళు. ట్రంకు రోడ్డులో కొట్టు, పొద్దస్తమానం నిలబడే పని. షుగరొచ్చి ఏడేళ్ళు. మూడేళ్ళుగా రాత్రి మంచమెక్కితే అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టుండేవి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. తడిగుడ్డ చుట్టుకుని, కాళ్ళు ఫ్యాను వైపు పెట్టి పడుకునేవాణ్ణి. నరాల మంటకని ప్రీగాబలిన్ మాత్రలు ఇచ్చారు. మంట కొంచెం తగ్గింది గానీ పగలంతా మత్తు. బరువు ఇంకో నాలుగు కిలోలు పెరిగింది.

పోయిన సంక్రాంతి దాటాక తిండి మార్చాను. పూటకి ఇద్దరికీ కలిపి సోల బియ్యం ఎసట్లో పోసేవాళ్ళం. నా వంతు అరసోల నుంచి గిద్దకి, అంటే సగానికి దింపాను. కంచంలో ముందు కూర, ఆ తర్వాతే అన్నం. బీరకాయో సొరకాయో బాగా పెట్టుకుంటాను, పక్కన చేపో గుడ్డో పప్పో ఉంటుంది. చేపల పులుసు చేసిన రోజు మాత్రం ప్రాణం లాగేస్తుంది. ఆ పులుసు అన్నాన్ని అడుగుతుంది కదా! ముక్కలు రెండు ఎక్కువ వేసుకుంటాను, అన్నం మాత్రం అదే గిద్ద. తెల్లారి జవహర్ భారతి కాలేజీ వైపు నలభై నిమిషాల నడక.

తొమ్మిది నెలల్లో 92 కిలోల నుంచి 77కి వచ్చాను. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష, 9.2 నుంచి 6.2. షుగరు మాత్రల్లో డాక్టరు గ్లిమిపిరైడ్ తీసేశారు, మెట్‌ఫార్మిన్ సగం చేశారు. మంట ముప్పాతిక వంతు పోయింది. ఏడేళ్ళు ‘చచ్చేదాకా మాత్రలే’ అన్నారు గానీ అన్నం ఎంత తినాలో కొలిచి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే అంటున్నా, షుగరుకైనా నరాలకైనా అసలు మందు తిండీ బరువే. కాదనేవాళ్ళు చెప్పండి.

ఒంగోలు టీచరమ్మ:

అన్నా, మీరు తగ్గినందుకు సంతోషం. కానీ ఇది చదివి ఎవరైనా రేపటి నుంచి మాత్రలు పక్కన పడేస్తారేమోనని భయమేసి రాస్తున్నాను. మా ఆయన వీడియోలు చూసి అన్నం, మాత్రలు రెండూ ఒకే రోజు ఆపేశారు. నిమ్మకాయ నీళ్ళు, కొబ్బరినూనె, సూపులు. మూడు నెలలు తిరక్కుండానే 11 ఉన్న హెచ్‌బీఏ1సీ 7.4కి దిగింది. పది కిలోలు తగ్గారు. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. సరిగ్గా అప్పుడే కాళ్ళలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పులు మొదలయ్యాయి. అంతకుముందు తిమ్మిరి తప్ప ఏమీ లేదు.

డాక్టరు చెప్పింది విని ఆశ్చర్యపోయాం. ఏళ్ళ తరబడి పైన ఉన్న హెచ్‌బీఏ1సీ మూడు నెలల్లో రెండు పాయింట్లకి మించి పడిపోతే సన్న నరాలు తట్టుకోలేక ఇలా నొప్పి పుట్టొచ్చట. ఇన్సులిన్‌తో తగ్గినా, తిండితో తగ్గినా జరగొచ్చట. కంటి రెటీనా కూడా చూపించుకోమన్నారు. నొప్పి తగ్గడానికి ఏడాది పైనే పట్టింది.

ఇంకో సంగతి. మంట పోయినంత మాత్రాన నరం బాగుపడినట్టు కాదు. మా నాన్నకి మంటలు వాటంతటవే పోయాయి, నయమైందనుకున్నాం. ఒకరోజు పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటే ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు. పాదం తిప్పి చూస్తే బొటనవేలి కింద తుమ్మముల్లు విరిగి ఉంది. ఆ కాలికే రెండు వేళ్ళు తీసేశారు. మంట లేదని మురిసిపోవడానికి నాకు ధైర్యం చాలదు.

పొదిలి రైతుబిడ్డ:

ఇంత గొడవ దేనికి? బియ్యం మానేసి కొర్రలు, సామలు తినండి. మా తాతలు తిన్నవే. వాళ్ళకి షుగరుందా?

నెల్లూరు ఫార్మసీ:

తమ్ముడూ, కొర్రలు మంచివే. పీచు ఎక్కువ, షుగరు మెల్లగా ఎక్కుతుంది. కానీ వాటిలోనూ నూటికి 60 పాళ్ళు పిండిపదార్థమే. గిద్ద బియ్యం మాని అరసోల కొర్రలు తింటే లాభం లేదు. తాతలు కొర్రలు తిన్నారు, నాగలీ పట్టారు.

ఇక అసలు వాదన. షుగరు విషయంలో కావలి అన్న మాట నిజమే. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనం మొదటి ఏడాది ఫలితాలు 2017లో వచ్చాయి. షుగరొచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు, ఇన్సులిన్ వాడనివాళ్ళతో బరువు తగ్గించారు. ఏడాదికి 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగరు అదుపులో నిలిచింది. 15 కిలోలకి పైగా తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం మందికి. కానీ రెండో ఏడాదికి ఆ 46 కాస్తా 36 అయింది. బరువు మళ్ళీ పెరిగితే షుగరూ మళ్ళీ వస్తుంది. అందుకే దాన్ని నయమైందనరు, ఉపశమనం అంటారు. మాత్రలు ఆపాక మూడు నెలలైనా హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉండాలి. అన్న ఇంకా మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నారు కాబట్టి ఆ లెక్కలోకి రారు.

నరాల విషయంలో మాత్రం నేను టీచరమ్మ వైపు. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 వాళ్ళలో షుగరు గట్టిగా అదుపు చేస్తే నరాల దెబ్బ బాగా తగ్గుతుందని 1993లోనే తేలింది. మనకి ఎక్కువగా ఉండే టైప్ 2లో ఆ లాభం అంత కనబడలేదు. బరువు, కొలెస్ట్రాల్, పొగ, తాగుడు, అన్నీ అందులో చేయి వేస్తాయి. కొత్త దెబ్బ తగలకుండా ఆపగలం, మంట తగ్గించగలం. పోయిన స్పర్శ తిరిగొస్తుందని నేను ఎవరికీ చెప్పను.

కౌంటర్లో రోజూ చూసేది ఇంకోటుంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు. దాని తిమ్మిరి కూడా అచ్చం షుగరు తిమ్మిరిలాగే ఉంటుంది. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది, అయినా చేయించుకోరు. గ్లిమిపిరైడో ఇన్సులినో వాడుతూ అన్నం సగం చేస్తే షుగరు పడిపోయి మనిషి కూలిపోవచ్చు. షుగరుని మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతూ అన్నం పూర్తిగా మానేస్తే కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు ఒంట్లో పెరిగి ప్రాణం మీదికి రావొచ్చు. కాబట్టి తిండి మార్చే ముందే డాక్టరుకి చెప్పండి, మార్చాక కాదు.

కావలి బట్టల కొట్టు:

చెప్పు సంగతి చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు టీచరమ్మా. నిన్న వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం లాంటిది అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కుతారు. తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. మడమ దగ్గర చెప్పాను, మధ్యలో చెప్పాను. తర్వాత ఎంతసేపున్నా ఏమీ తగలకపోతే అయిపోయిందా అని కళ్ళు తెరిచాను. దారం నా కుడి బొటనవేలి మీదే ఉంది.

బీ12 కూడా తక్కువే వచ్చింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అంటే తగ్గిన మంటలో బరువు వల్ల ఎంతో, ప్రీగాబలిన్ వల్ల ఎంతో, నరం మొద్దుబారడం వల్ల ఎంతో నేను విడదీసి చెప్పలేను. ‘నరాలకైనా అసలు మందు తిండీ బరువే’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. షుగరు గురించి అన్నది మాత్రం తీసుకోను. గిద్ద గిద్దే.

రాత్రి మా ఆవిడ అద్దం తెచ్చి పాదాల కింద పెట్టి వేలు వేలు సందునా చూసింది. ఎడమ చిటికెన వేలి పక్కన చెప్పు కొరికిన గాయం ఉంది, ఎప్పటిదో తెలియదు. పొద్దున్నే డ్రెస్సింగ్ చేయించుకొచ్చాను. టీచరమ్మా, మీ నాన్నగారికి చెప్పులు ఎక్కడ చేయించారో చెబుతారా? మెత్తటివి, వెనక పట్టీ ఉన్నవి కావాలి.

ఒంగోలు టీచరమ్మ:

ఎంసీఆర్ చెప్పులని అడగండి అన్నా, మెత్తటి రబ్బరువి. షుగరు ఉన్నవాళ్ళకి చేస్తారు, వెనక పట్టీ కూడా పెడతారు. సాయంత్రం పూట వెళ్ళి కొలత ఇవ్వండి, అప్పటికి కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి. కొత్తవి మొదటి వారం రోజుకి గంటకి మించి వేసుకోకండి. విప్పిన ప్రతిసారీ ఆ అద్దం పెట్టి చూడమని వదినకి చెప్పండి.