అప్‌డేట్: పేజీ అంచులోని చూపుడు చేయి అచ్చు వేసినది కాదు

16వ శతాబ్దపు లాటిన్ పుస్తకం స్కాన్‌లో, అంచు నుంచి ఒక వాక్యాన్ని చూపుతున్న చేతి గుర్తును ముద్రాపకులు వేశారా, పాఠకులు గీశారా అని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అదే ముద్రణకు చెందిన మరో ప్రతితో పోల్చి చూడమన్న సలహాతోనే విషయం తేలింది. అందులో అదే పేజీ అంచు ఖాళీగా ఉంది. మూలప్రతిని పరిశీలించిన గ్రంథాలయ నిపుణులు, అక్షరాలు నల్లగానే ఉండగా చేయి మాత్రం గోధుమరంగుకు తిరిగిన ఐరన్ గాల్ సిరాతో (అప్పట్లో చేతిరాతకు వాడిన, ఇనుప లవణంతో చేసిన సిరా) ఉందనీ, ఆ సిరా కాగితం వెనుకకు ఊరిందనీ తెలిపారు. మరీ పొడవైన ఆ చూపుడువేలు, చొక్కా చేతి మడత ఇతర పేజీల్లోనూ ఉన్నాయి గానీ ప్రతిసారీ కొద్దిగా మారాయి. అచ్చు దిమ్మతో అలా జరగదు. ముద్రిత చేతులు 15వ శతాబ్దంలోనే ఉన్నందున పుస్తకం వయసును బట్టి కూడా ఏదీ తేల్చలేము.