‘విమానోఽస్త్రీ’లో అకారం సంగతి

మూకీ సినిమాల్లో విమానసాహసాలు చేసిన ఆర్మర్ లాక్‌లియర్ గురించి వ్యాసం రాస్తున్నాను. ఎగురుతున్న విమానం రెక్క మీద నడిచి, పక్కనే ఎగురుతున్న మరో విమానంలోకి దాటిన ఘనుడాయన. శీర్షిక కోసం సంస్కృత నిఘంటువు అమరకోశంలోని ‘వ్యోమయానం విమానో స్త్రీ’ గుర్తుకొచ్చింది గానీ, విమానం స్త్రీలింగం ఎట్లా అయిందో బోధపడలేదు. పెద్దలు చెప్పగలరు.

జవాబు: అది ‘స్త్రీ’ కాదండీ, ‘అస్త్రీ’. ఓకారం తర్వాతి అకారం లోపించి, దాని గుర్తుగా అవగ్రహం (ఽ) మిగిలింది. అచ్చులో ఆ గుర్తు జారిపోతే ఇలాంటి అనర్థమే జరుగుతుంది. స్త్రీలింగం తప్ప మిగిలిన రెండు లింగాల్లోనూ ఉంటుందని భావం.

జవాబు: తెలుగులో విమానము ఎటూ అమహత్తే (పురుషవాచకం కానిదే) కనుక, లింగచర్చ శీర్షికకు అక్కరకు రాదు. పట్టుకోవలసింది ‘యాన’ శబ్దాన్ని; అది వాహనానికీ చెల్లుతుంది, ప్రయాణానికీ చెల్లుతుంది. ‘ది స్కైవేమన్’ సినిమా కోసం 1920 ఆగస్టు 2 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో, సెర్చిలైట్ల వెలుగులో గిరికీలు కొడుతూ దిగుతున్న విమానం నేలకూలి, లాక్‌లియరూ, ఆయన సహచర పైలట్ మిల్టన్ ఎలియట్టూ మరణించారు. అటువంటి మనిషి కథకు యంత్రమూ యాత్రా రెండూ పలికే ‘వ్యోమయానం’ తగుతుంది. ఉత్త ‘విమానం’ అంటే తిరుమల గర్భగుడి మీది ఆనందనిలయ గోపురం కూడా విమానమే కదా!

జవాబు: గుడి విమానాన్ని ఇందులోకి లాగారు గానీ, పింగళి సూరనను మరిచారేమిటి? ఆయన కావ్యం కళాపూర్ణోదయంలో రంభానలకూబరులు విమానంలో పోతుంటే, కింద కలభాషిణి ఉయ్యాల ఊగుతుంటుంది. ఆమె పాదాలు దేవకాంతల మీదికి కయ్యానికి కాలు చాచినట్టున్నాయని చెలికత్తె అంటుంది. ఆ ఉయ్యాల వల్లనే విమానం ఎత్తు మనకు తెలుస్తుంది. 1927లో ‘వింగ్స్’ సినిమా తీసిన విలియం వెల్‌మన్‌కూ ఈ కిటుకు తెలుసు. మొదటి ప్రపంచయుద్ధంలో తానే యుద్ధవిమానం నడిపినవాడు కనుక, ఉత్త నీలాకాశంలో ఎంత వేగమైనా తెరమీద తేలిపోతుందని గ్రహించి, వెనక మబ్బులు పట్టేదాకా టెక్సాస్‌లో చిత్రీకరణ ఆపించాడు. ‘విమాన’లోని ‘మాన’ కొలతే కదా. కొలవడానికి ఉయ్యాలో మబ్బో ఉండాలి.

జవాబు: సూరన చూపింది ఎత్తు, వెల్‌మన్‌కు కావలసింది వేగం, రెంటినీ ఒకే ధాతువుకు కట్టడం సాహసం. అవగ్రహం బదులు ‘విమానో అస్త్రీ’ అని విసంధిగా (సంధి చేయకుండా) రాస్తే పాఠకులకు సుగమం కాదా?

జవాబు: విసంధిగా రాస్తే ‘విమానః అస్త్రీ’ అవుతుంది. సంధి విడదీశాక ఓకారం ఎక్కడిదండీ?