సైనికుడు మింగే మాత్ర: సమ్మతి పత్రంపై సంతకానికి విలువ ఎంత?

ప్రశ్న: న్యాయశాస్త్ర విద్యార్థి

2002 ఏప్రిల్ 17 రాత్రి కాందహార్ సమీపంలోని తార్నాక్ ఫార్మ్ వద్ద కాల్పుల అభ్యాసం చేస్తున్న కెనడా సైనికులను శత్రువులుగా పొరబడి అమెరికా ఎఫ్-16 పైలట్ ఒకరు బాంబు వేయడంతో నలుగురు మరణించారు, ఎనిమిది మంది గాయపడ్డారు. నిద్రను ఆపడానికి ఇచ్చిన డెక్స్‌ట్రో యాంఫెటమిన్ మాత్రలు వివేచనను దెబ్బతీసి ఉండవచ్చునని పైలట్ల పక్షం వాదించగా, వైమానిక దళం ఆ వాదనను తోసిపుచ్చింది. నా సందేహం ఆ మాత్రల కోసం అప్పట్లో పైలట్లు సంతకం చేసిన పత్రం గురించి. మాత్ర వేసుకోవడం స్వచ్ఛందమనీ, నిరాకరిస్తే శిక్ష ఉండదనీ అందులో ఉంది. అయితే అవసరమైన వేళ వేసుకోనివారిని ఆ విమానయానానికి అనర్హులుగా కమాండర్ నిర్ణయించవచ్చుననీ అందులోనే ఉంది. దీన్ని సమ్మతి అనవచ్చునా? మన చట్టం ఏమంటుంది?

జవాబు: విశ్రాంత సుబేదార్

బాబూ, "ఇష్టమున్నవాళ్లే ముందుకు రండి" అని అధికారి అన్నప్పుడు వరుసలో నిలబడిన జవాను తన ఇష్టాన్ని కాదు, పక్కవాడి కాళ్లను చూస్తాడు. శిక్షకన్నా తోటివారిలో పలచనైపోతాననే భయమే పెద్దది. ఆ పత్రం రాసినవారికి ఈ సంగతి తెలియదని నేననుకోను.

జవాబు: వైద్యురాలు

సుబేదార్ గారి మాట కాదనను. కానీ గంటల తరబడి కాక్‌పిట్‌లో ఒంటరిగా కూర్చున్న పైలట్‌కు కునుకు పడితే పోయేవీ ప్రాణాలే. కాఫీ ఇచ్చినప్పుడు ఎవరూ నీతిని ప్రశ్నించరు కదా! అందుకే నేను గీత గీసేది కాఫీకీ మాత్రకీ మధ్య కాదు, వెనక్కి తీసుకోగలిగినదానికీ తీసుకోలేనిదానికీ మధ్య. అలవాటుగా మారనంతవరకు మాత్ర ప్రభావం దిగిపోతుంది. సామర్థ్యం పెంచడానికి సైనికుడి మెదడులో అమర్చిన పరికరాన్ని మాత్రం విరమణ నాడు యూనిఫారంతో పాటు అప్పగించి ఇంటికి రాలేము. ఫ్రాన్స్ రక్షణ శాఖ నైతిక సంఘం 2020 డిసెంబరులో ఇలా సైనికుల సామర్థ్యాన్ని పెంచే పద్ధతులపై పరిశోధనకు దారి వదులుతూనే, సైనికుడి స్వేచ్ఛా సంకల్పాన్ని హరించే మార్పులు, పౌరజీవితంలోకి తిరిగి రావడానికి అడ్డుపడే మార్పులు కూడదన్నది.

జవాబు: న్యాయవాది

రాజ్యాంగం 33వ అధికరణం ప్రకారం సైనికుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించవచ్చు. 1950 నాటి సైనిక చట్టం 41వ సెక్షన్ కింద పై అధికారి ఆజ్ఞను ధిక్కరించడం నేరమే, అయితే ఆ ఆజ్ఞ చట్టబద్ధమైనదై ఉండాలి. మందు మింగమనడం అటువంటి ఆజ్ఞేనా అన్నదే అసలు చిక్కు. ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనరాదని 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది గానీ, అది పౌరుల సందర్భం. సైనికులకు అంతే బలంగా వర్తిస్తుందని నాకు నమ్మకం లేదు.

అమెరికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. విషవాయువు నుంచి రక్షణగా ఇచ్చిన పిరిడోస్టిగ్మిన్ అనే మందు విషయంలో, సైనికుల సమ్మతి అక్కరలేకుండా 1990 చివర గల్ఫ్ యుద్ధానికి ముందు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే మినహాయింపు నిబంధన తెచ్చింది. ఆ మినహాయింపునిచ్చే అధికారాన్ని 1998 చట్టం దేశాధ్యక్షుడికే పరిమితం చేసింది. మీరు చెప్పిన పత్రంలో మాత్రం మాటలన్నీ సమ్మతివే, బలవంతం చేసిన బాధ్యతను తలకెత్తుకునే సంతకం ఎవరిదీ లేదు.