స్నానం చేసి వచ్చాక ఒళ్ళంతా దురద, ఎవరికైనా ఇలా ఉందా?

రెండు నెలలుగా ఇదే గోల. ఒళ్ళు తుడుచుకుని బట్టలేసుకునేలోపే పిక్కల మీద మొదలై తొడలు, నడుము, వీపు దాకా పాకుతుంది. దద్దుర్లేమీ లేవు, కానీ గోకితే తెల్లగా గీతలు పడి పొట్టు రాలుతుంది. అరగంటకి దానంతటదే తగ్గిపోతుంది. సబ్బు రెండుసార్లు మార్చాను, అలర్జీకి వాడే సెట్రిజిన్ మాత్ర వేసుకుంటే నిద్రొచ్చింది తప్ప దురద పోలేదు. పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటేనే నాకు స్నానం చేసినట్టుంటుంది, అదేమైనా కారణమా?

జవాబు 1
అదే కారణం అయ్యుండొచ్చు. తెల్ల గీతలు, పొట్టు అంటున్నారంటే ఎక్కువగా పొడి చర్మమే. జిడ్డు గిన్నె వేడినీళ్ళకి ఎలా వదులుతుందో, చర్మం మీది నూనె పొర కూడా అలాగే పోతుంది, పైగా పిక్కల మీద నూనె గ్రంథులే తక్కువ. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5 దగ్గర ఉంటే మామూలు సబ్బుది 9, 10 ఉంటుంది, అందుకే ఒక సబ్బు తీసేసి ఇంకో సబ్బు పెడితే ఒరిగేదేమీ లేదు. గోరువెచ్చటి నీళ్ళు, పది నిమిషాల్లో బయటికి రండి. సబ్బు చంకలకి, గజ్జలకి, పాదాలకి చాలు. పీచుతో రుద్దడం ఆపేయండి.

జవాబు 2
దానికి తోడు మాయిశ్చరైజర్. నేనూ రాసేదాన్నే, కానీ ఒళ్ళు పూర్తిగా ఆరి దురద మొదలయ్యాక! టవల్‌తో అద్దుకుని, ఇంకా తడి ఉండగానే, మూడు నిమిషాల్లోపు రాయాలట. అలా మొదలుపెట్టిన వారానికి తేడా తెలిసింది. పల్చటి లోషన్ కంటే చిక్కటి క్రీమ్, వాసన లేనిది తీసుకోండి. యూరియా ఉన్నది బాగా పనిచేస్తుంది గానీ గోకి పుండైన చోట రాస్తే చుర్రుమంటుంది, జాగ్రత్త.

జవాబు 3
అందరిదీ పొడి చర్మమే అనుకోకండి. నాకు వేడినీళ్ళు పడగానే ఆవగింజల్లా చిన్న చిన్న దద్దుర్లు లేచేవి, చెమట పట్టినా అంతే. అది వేడికి వచ్చే అర్టికేరియా అన్నారు, దానికైతే సెట్రిజిన్ లాంటి మాత్రలే పనిచేశాయి. ఇంకొకటి, చర్మం మెత్తగా బాగానే ఉండి, నీళ్ళు చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా తగలగానే దురదొస్తే మాత్రం డాక్టర్‌కి చెప్పి సీబీసీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. ఎర్ర రక్తకణాలు మితిమీరి పెరిగే పాలిసైథీమియా వెరా అనే అరుదైన జబ్బులో ఇలా ఉంటుంది. టెన్షన్ పడమని కాదు, మీ లక్షణాలు అలా లేవు కూడా. కళ్ళు పచ్చబడటం, బరువు తగ్గడం, రాత్రుళ్ళు నిద్రపట్టనంత దురద ఉంటే ఆలస్యం చేయొద్దు.

అడిగినవారు
పన్నెండు రోజులైంది. గోరువెచ్చటి నీళ్ళకి అలవాటు పడటానికి ప్రాణం మీదికొచ్చింది గానీ పిక్కలు, తొడలు నయం. వీపు ఒక్కటే ఇంకా దురద, చెయ్యి అందక క్రీమ్ సరిగ్గా రాయలేకపోతున్నా.

జవాబు 1
తలస్నానం చేసిన రోజు ఎక్కువుందేమో చూడండి. షాంపూ నురగంతా జారేది వీపు మీదికే కదా. తల ముందుకు వంచి కడుక్కుని, ఒళ్ళు ఆఖర్న కడుక్కోండి.