సమస్య: నవ్వుబొమ్మ రాల్చె నయనజలము

నిర్వాహకుడు (నెల్లూరు): ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. నవ్వుబొమ్మ అంటే ఎమోజీ అని గ్రహించండి. 2010లో యూనికోడ్‌లో చేరి, 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులవారు ఆ ఏటి మాటగా ఎంచుకొన్న పగలబడి నవ్వే ముఖం వేరు. 2020లో వచ్చిన, చిరునవ్వుతో ఒక్క చుక్క రాల్చే ముఖం వేరు. రెండవదానినే నవ్వుబొమ్మగా తీసుకొని సమస్యను పూరించండి. మా వీధివారి వాట్సాప్ బృందంలో ఒక పెద్దాయన మొదటిదాన్ని ఏడుపనుకొని మరణవార్త కింద పెట్టి, తరువాత ఆ ఇంటికి వెళ్ళి చనిపోయినవారి కొడుకు చేయి పట్టుకొని చెప్పుకోవలసి వచ్చింది.

కావలి సభ్యురాలు:
కూతురున్న తావు కోసులకావల,
చేరె కుశలవార్త చేతితెరకు;
సంతసంబు దిగులు జంటయై కూడంగ
నవ్వుబొమ్మ రాల్చె నయనజలము.

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి, 'సం–జం' యతి చెల్లుతుంది. అయితే అమ్మా, సంతసము, దిగులు అని మూడవ పాదంలోనే పేర్లు పెట్టి చెప్పినందువల్ల నాలుగవ పాదంలోని బొమ్మకు పని మిగలలేదు. పేరు పెట్టి చెప్పలేనప్పుడే కదా మనం ఆ బొమ్మను వెతుక్కొంటాము.

కావలి సభ్యురాలు: నిజమేనండి. సంక్రాంతికి రాలేనని అమ్మాయి రాసినప్పుడు, 'సరేలే తల్లీ' అని టైపు చేసి, చెరిపి, మళ్ళీ టైపు చేసి, చివరకు ఆ ఒక్క బొమ్మనే పంపాను. మూడవ పాదాన్ని ఇలా మారుస్తున్నాను:
పండుగకును రాను పనులున్నవని చెప్ప

నిర్వాహకుడు: చాలా బాగుంది. కుశలవార్తలోని ఊరట, పండుగనాటి వెలితి ఇప్పుడు చెప్పకుండానే తెలుస్తున్నాయి.

టంగుటూరు సభ్యుడు:
అమ్ముకొన్న గిత్త యచట గెలిచెనంచు
బండలాగినట్టి పటము చేర,
కట్టుకొయ్య వంక కన్నెత్తి చూచుచు
నవ్వుబొమ్మ రాల్చె నయనజలము.

నిర్వాహకుడు: ఒంగోలు గిత్తను సమస్యలోకి తెచ్చిన మీ ఊహకు నమస్కారం. కాని అన్వయం తప్పింది. 'చూచుచు' అన్నచో చూచేదీ, రాల్చేదీ ఒకటే కావాలి కాబట్టి, కొయ్యవంక చూచింది రైతు కాక బొమ్మ అవుతున్నది. 'కన్నులు మరలంగ' అంటే గణం చెడదు, యతి నిలుస్తుంది, కన్నులు రైతువే అవుతాయి.

టంగుటూరు సభ్యుడు: సవరణను స్వీకరిస్తున్నానండి. గిత్తను కొన్నవారు ఫోటో పంపినప్పుడు నేను పెట్టిన జవాబు ఆ బొమ్మే. కట్టుకొయ్యను ఇంకా పెరకలేదు.