తిరుపతి బండ్లకు ఏ ఇంజిన్ మేలు? వాప్-7నా, వాప్-5నా?

పాకాల కుర్రాడు:
నారాయణాద్రి, పద్మావతి లాంటి పెద్ద బండ్లకు వాప్-7నే తగిలిస్తున్నారు. వాప్ అంటే ప్యాసింజర్ బండ్లు లాగే కరెంటు ఇంజిన్. వాప్-5 బరువు 78 టన్నులే, పవర్ 5,440 హెచ్‌పీ. అంటే టన్నుకు దాదాపు 70. వాప్-7 బరువు 123 టన్నులు, పవర్ 6,120. టన్నుకు 50 కూడా రాదు. 2016లో ఢిల్లీ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌ను 160 స్పీడుతో ఆగ్రాకు లాక్కెళ్లింది వాప్-5నే. అంత మంచి ఇంజిన్ మనకెందుకు ఇవ్వరు?

రేణిగుంట రైల్వే కాలనీ:
తమ్ముడూ, లెక్క బాగానే ఉంది కానీ ఇంజిన్ ఒక్కటే తిరుపతికి రాదు కదా. వెనకాల 1,200 టన్నుల బండి ఉందనుకుని, ఇంజిన్ బరువు కలిపి మళ్లీ భాగించు. వాప్-7కి టన్నుకు 4.6, వాప్-5కి 4.3. నువ్వు చూపిన తేడా తిరగబడింది.

ఇంకోటి. నిలిచిన బండి కదలాలంటే హెచ్‌పీ కంటే ముందు చక్రానికి పట్టా మీద పట్టు కావాలి. వాప్-7కి ఆరు యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు), ఒక్కోదాని మీద 20.5 టన్నులు. వాప్-5కి నాలుగే. అందుకే మొదటి లాగుడు బలం వాప్-7కి 322 కిలోన్యూటన్లు, వాప్-5కి 258. వానకి పట్టాలు తడిస్తే చక్రం జారుతుంది, లోకో పైలట్ చక్రాల కింద ఇసుక వదలాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఆ రెండు అదనపు యాక్సిళ్ల విలువ తెలుస్తుంది. పైగా మన గూడూరు–విజయవాడ లైన్లో 130కి మించి పోనివ్వరు. 160 పోగల ఇంజిన్ తెచ్చి ఏం చేస్తాం?

పాకాల కుర్రాడు:
సరే అన్నా, మరి చిన్న బండ్లకో?

రేణిగుంట రైల్వే కాలనీ:
వెనకాల బరువు 280 టన్నుల దగ్గర రెండూ సమానం. అంటే ఓ ఆరు పెట్టెలు. అంతకు మించితే వాప్-7దే పైచేయి.

పాత ఇంజిన్ అభిమాని:
వాప్-4ని ఎవరూ తలచుకోరేం? పాత కాలం డీసీ మోటార్లు, మోటార్లకిచ్చే వోల్టేజీని మెట్లు మెట్లుగా మార్చే ట్యాప్ ఛేంజర్, 5,050 హెచ్‌పీ. రాయలసీమ జనాన్ని ఏళ్ల తరబడి మోసిన బండి అది.

రేణిగుంట రైల్వే కాలనీ:
మోసింది సార్, కాదనను. కానీ బ్రేక్ వేసినప్పుడు కరెంటు తిరిగి తీగలోకి పంపడం దానికి రాదు, వాప్-7కి వస్తుంది. హెచ్‌ఓజీ (హెడ్ ఆన్ జనరేషన్) ఉన్న వాప్-7 అయితే ఏసీ పెట్టెలకు కరెంటు కూడా తనే ఇస్తుంది. తిరుపతి ప్లాట్‌ఫాం చివర పవర్ కార్ (జనరేటర్ పెట్టె) పక్కన ఒకసారి నిలబడి చూడండి. డీజిల్ జనరేటర్ నడుస్తుంటే ఎదుటి మనిషి మాట వినపడదు, పొగకి కళ్లు మండుతాయి. హెచ్‌ఓజీ పెట్టాక అక్కడే నిలబడి హాయిగా మాట్లాడుకోవచ్చు. ఇంజిన్ల పనితీరు పోల్చేటప్పుడు దీన్ని వదిలేయడం నాకు నచ్చదు.

చిత్తూరు డైలీ ప్యాసింజర్:
మా కాట్పాడి లైన్ సింగిల్ లైన్. ఎదురు బండి కోసం ఆగితే ఏ ఇంజిన్ అయినా ఒకటే. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు 2025 ఏప్రిల్‌లో కేంద్రం 1,332 కోట్లతో ఓకే చెప్పింది. ముందు అది పూర్తి కానివ్వండి. ఆ తర్వాత కూడా మాకు కావాల్సింది వాప్-7 కాదు, మెము, అంటే వేరే ఇంజిన్ లేకుండా పెట్టెల కిందే మోటార్లుండే కరెంటు బండి. మాటిమాటికీ ఆగే బండికి లాగుడంతా ఒక్క ఇంజిన్ మీద పెట్టడం దేనికి? మోటార్లు బండి పొడవునా ఉంటే టక్కున స్పీడు ఎత్తుకుంటుంది. వందే భారత్‌లో సగం యాక్సిళ్లకు మోటార్లు పెట్టింది అందుకే.

రేణిగుంట రైల్వే కాలనీ:
పగటి బండ్లకు ఒప్పుకుంటా. 22 పెట్టెల రాత్రి బండికి మాత్రం ఒప్పుకోను. ఇంజిన్ పాడైతే దాన్ని విప్పి ఇంకోటి తగిలిస్తే బండి కదులుతుంది. మెములో ఆ వీలు లేదు.