ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేశాక మధ్య ఆర్‌పీఎంలో పికప్ పోయింది, ఎందుకు?

నాది 350 సీసీ సింగిల్ సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. మూడు వారాల క్రితం బెండ్ పైపుతో (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వచ్చే పైపు) సహా ఫుల్ ఎగ్జాస్ట్ మార్చాను. సౌండ్ అదిరిపోయింది కానీ 2800 నుంచి 4000 ఆర్‌పీఎం మధ్య బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఉంటోంది, 4500 దాటాక మాత్రం పాతదానికంటే బాగానే లాగుతోంది. యాక్సిలరేటర్ వదిలేస్తే సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలుళ్లు.

చేసినవి: హెడ్ దగ్గర గ్యాస్కెట్ కొత్తది వేశా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోసి చూశా, ఒక్క బుడగ కూడా రాలేదు. ఎయిర్ ఫిల్టర్ స్టాక్‌దే, క్లీన్‌గా ఉంది. ఈసీయూ (ఇంజిన్‌ని కంట్రోల్ చేసే కంప్యూటర్) రీసెట్ చేసి 200 కిలోమీటర్లు తిప్పా, తేడా లేదు. డీబీ కిల్లర్ (సౌండ్ తగ్గించడానికి సైలెన్సర్ చివర పెట్టే ముక్క) పెడితే పేలుళ్లు సగం తగ్గాయి, పికప్ మాత్రం అలాగే ఉంది. ఆక్సిజన్ సెన్సార్ కొత్త పైపులో కూడా ఉంది, కనెక్షన్ కరెక్టే. ప్లగ్ తీసి చూస్తే కొన దగ్గర పింగాణీ బాగా తెల్లగా ఉంది, అంటే మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతోందని డౌట్.

ఇంకో సంగతి, వెర్నియర్‌తో కొలిస్తే స్టాక్ బెండ్ పైపు బయటి కొలత 35 మి.మీ, కొత్తది 42 మి.మీ. పైపు లావైతే తక్కువ ఆర్‌పీఎంలో పొగ వేగం తగ్గి సిలిండర్ సరిగ్గా ఖాళీ అవ్వదని చదివా. మొత్తం స్టాక్ ఎగ్జాస్ట్ మళ్లీ బిగిస్తే ఏ సమస్యా లేదు, కానీ అప్పుడు మిక్స్చర్, పైపు లావు రెండూ ఒకేసారి మారిపోతున్నాయి కాబట్టి ఏదీ తేలట్లేదు 😅

డైనో (బండి పవర్ కొలిచే మెషిన్) లేకుండా ఇది లీన్ మిక్స్చర్ వల్లా లేక పైపు లావు వల్లా అని తేల్చుకోవడం ఎలా?